అమూల్యకు పడనిది

అమూల్యకు రెండో ఏడు నిండేసరికి మా ఇంట్లో పెరుగు ఆగిపోయింది. తర్వాత అరటిపండు ఆగింది. ఆ తర్వాత జామకాయ, దోసకాయ, సీతాఫలం, ఫ్రిజ్‌లో నీళ్ళు. చివరికి నేను పట్టి తెచ్చే చేపలు కూడా ఆ పిల్లకు పెట్టడం మానేశాం. ఒక్కొక్కటి ఆపినప్పుడల్లా ఇక దీంతో పోతుందిలే అనుకునేవాళ్ళం. వారం పదిరోజులు బాగుండేది. మళ్ళీ ఒక తెల్లవారుజామున ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

అమూల్య నా కొడుకు మహేందర్ బిడ్డ. కరోనా వచ్చిన రెండో ఏడు, వానాకాలంలో, నెల ముందే పుట్టింది. నా రెండు అరచేతుల్లో సరిపోయింది. మాది షామీర్‌పేట. నేను చెరువులో చేపలు పట్టి బతికినవాణ్ణి. మహేందర్‌కు నీళ్ళంటే భయం. వాడు కోళ్ళఫారం వాళ్ళ ట్రాలీ ఆటో నడుపుతాడు, దుకాణాలకు గుడ్లు వేసి వస్తాడు.

నా భార్య సాయవ్వది మొదటినుంచీ ఒకటే మాట. తప్పు కోడలిది.

"ఏడో నెలల పుచ్చకాయ తినకే అంటే ఇన్నదా? బాలింతగున్నప్పుడు సల్ల తాగింది. గా సల్లదనమంత పాలల్ల దిగి పిల్ల రొమ్ముల కూసున్నది" అనేది.

ఇంట్లో అంటే ఇంట్లో పోయేది. నల్లా దగ్గర, పదిమంది బిందెలు పట్టుకుని నిలబడ్డచోట అనేది. కోడలు శోభారాణి సూరారం పిల్ల. మాటకు మాట చెప్పే మనిషే. కానీ బిడ్డ అలా ఎగపోస్తుంటే తనమీద తనకే అనుమానం వచ్చింది. బిందె నింపుకుని తలవంచుకుని వచ్చేది. రెండేళ్ళు పెరుగు ముట్టలేదు. నేను అక్కడే ఉండేవాణ్ణి, వినేవాణ్ణి. నిజమేనేమో అనుకునేవాణ్ణి కూడా.

అమూల్యకు నా ఛాతీ మీద బోర్లా పడుకోవడం అలవాటు. కూత మొదలైతే వాళ్ళమ్మ చెవికంటే ముందు నా ఎముకలకు తెలిసేది.

మేడ్చల్‌లో పిల్లల డాక్టరమ్మ ఉంది, సీతామహాలక్ష్మి. గోదావరి వైపు మనిషి. పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత నన్ను అడిగింది.

"తాతగారూ, ఇంట్లో బీడీ, సిగరెట్ ఎవరైనా కాలుస్తారా?"

"లేదమ్మా. నేను ముప్పై ఏండ్ల కిందనే ఇడిచిపెట్టిన. మావోడు ముట్టనే ముట్టడు."

"వంట కట్టెల మీదా?"

"గ్యాసమ్మా."

"దోమల చక్రాలు వెలిగిస్తారా?"

"గవి ఇషం గదమ్మా! మా గడప తొక్కనియ్య."

"మంచి పని చేస్తున్నారు" అంది డాక్టరమ్మ. ఆ మాటను నేను ఆటోలో ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఒక పంపు ఇచ్చింది. దానికి తగిలించే గొట్టం, గొట్టానికి ముక్కూ నోరూ మూసే మాస్కు. బాగున్నా బాగాలేకపోయినా రోజూ రెండు పూటలా పీల్పించమంది. మేం అలా చెయ్యలేదు. "పంపు అలవాటైతే ఇగ సచ్చెదాంక ఇడువదంట" అని సాయవ్వ ఎవరి దగ్గరో విని వచ్చింది. కూత వచ్చినప్పుడే తీసేవాళ్ళం, తగ్గగానే అలమారలో పెట్టేవాళ్ళం.

డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చిన ఆ సాయంత్రం కూడా నేను రోజూ చేసే పని చేశాను. గుడ్ల అట్ట అంటించాను.

మహేందర్ బండిలో చిరిగిపోయిన గుడ్ల అట్టలు ఎప్పుడూ ఉంటాయి. ఒక అట్ట తీసి పాత ఇనుప తట్టలో పెట్టి అంటించి, మంట ఊది ఆర్పేస్తే, గంటసేపు మెల్లగా రగులుతుంది. పైన నాలుగు వేపరెమ్మలు వేస్తే ఆ పొగకు దోమ అన్నది నిలవదు. చెరువు పక్కన ఇల్లు మాది. పొద్దుగూకితే దోమలు మబ్బులా లేస్తాయి. మహేందర్ కంటే ముందు మాకొక ఆడపిల్ల పుట్టింది. పదినెలల పిల్లప్పుడు చలిజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. అందుకే అమూల్య ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే తలుపులు దగ్గరగా వేసి, తట్ట పట్టుకుని ఉయ్యాల చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఆ వానాకాలం, ఆ చలికాలం ఒక్క పూట తప్పలేదు. పిల్ల ఒంటిమీద దోమ కుట్టిన మచ్చ ఒక్కటి లేదు. కాగితం, వేపాకు, ఇంతేగదా. మందూ మాకూ ఏమీ లేదు. ఇంట్లో నేను చేసే పనులన్నింటిలో నాకు గొప్పగా అనిపించేది అదే. మా వాడలో నన్ను చూసి ఇంకో ఐదారు ఇళ్ళవాళ్ళు మొదలుపెట్టారు.

పోయినేడు కార్తీకం వెళ్ళిన వారానికి అమూల్యకు గట్టిగా వచ్చింది. తెల్లవారకముందే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోవడం చూశాను. పెదవులు నల్లబడ్డాయి. ఎత్తుకుని పరిగెత్తాం. రెండు రోజులు ఆస్పత్రిలో ఆవిరి మందు పట్టారు. మూడోరోజు పంపిస్తుంటే శోభారాణి మా ఆటో ఎక్కలేదు.

"అత్తా, గీ సెరువు గాలి నా బిడ్డకు పడ్తలేదు. నేను మా అమ్మగారింటికి పోతున్న."

సాయవ్వ ఊరుకుంటుందా? "సూరారంల పూలతోటలున్నయా? ఫ్యాక్టరీల గాలి పడ్తదా నీ బిడ్డకు?"

"పడ్తదో పడదో సూస్త. గీడ ఉంచి సంపుకోను."

సూరారం గాలి సంగతి అందరికీ తెలిసిందే. వారంలో తిరిగొస్తుందిలే అనుకున్నాం. వారం పోయింది. రెండు వారాలు పోయాయి. మహేందర్ పని అయ్యాక అటు వెళ్ళి చూసి వచ్చేవాడు.

"కూత ఉన్నదా?" అని అడిగేవాణ్ణి.

"లేదు నాయిన. మంచిగ ఉరుకుతాంది."

ఉరుకుతోందంటే సంతోషం. కానీ మా ఇంట్లో ఉరకలేదు గదా అని ఒక ముల్లు. మూడో వారం మహేందర్ అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ చెప్పాడు.

"నాయిన, గాడనే ఒక రూము చూసిన. వచ్చే నెల మొదట్ల పోతం. నువ్వు మనసుల పెట్టుకోకు."

"పిల్ల బాగుండాలె గదరా" అన్నాను. సాయవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు. నెల మారడానికి పన్నెండు రోజులున్నాయి.

నేనే వెళ్ళి చూడాలనుకున్నాను. రెండు కొర్రమీనులు సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి సూరారం వెళ్ళాను. మా వియ్యంకుడు రాఘవేందర్ అక్కడ ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రేకుల ఇల్లు, గోడకు గోడ ఆనుకుని ఎనిమిది ఇళ్ళు. గాలి మందుల వాసన కొడుతోంది. నాకే గొంతు గరగరలాడింది.

అమూల్య గల్లీలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళకు చుట్టుకుంది. ఎత్తుకుని వీపు మీద చెవి పెట్టి విన్నాను. ఏ చప్పుడూ లేదు. తలెత్తి చూస్తే పిల్ల గడ్డం మీద తెల్లగా పెరుగు.

శోభారాణి నా చూపు చూసేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏంది మామా, సూస్తున్నవ్? పెరుగే. అరటిపండు గూడ తిన్నది పొద్దుగాల. పోయి అత్తకు చెప్పుకో."

"నేనేమంటిని బిడ్డా?"

"ఏమనవు. నువ్వెప్పుడు ఏమనవు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను.

చేప పడని చోట ఏం మారిందో వెతకడం నాకు తెలిసిన పని. నీళ్ళు మారాయా, మేత మారిందా, ఎగువన ఎవరైనా నీళ్ళలో ఏమైనా కలిపారా అని చూస్తాం. ఇక్కడా అలాగే చూస్తూ కూర్చున్నాను. గాలి మా దానికంటే చెడ్డది. తిండి, మేం వద్దన్నవన్నీ. నీళ్ళు ట్యాంకరువి. అన్నీ మా ఇంటికంటే అధ్వాన్నమే. పిల్ల మాత్రం బాగుంది.

పొద్దుగూకింది. చెవి దగ్గర దోమ పాడింది. అలవాటు కొద్దీ లేచాను.

"బావా, గుడ్ల అట్ట ఒకటుంటే ఇయ్యి" అన్నాను రాఘవేందర్‌తో.

"గుడ్ల అట్టెందుకు బావా?"

"పొగబెడ్త. దోమలు మస్తుగున్నయ్."

పకపకా నవ్వాడు. "గీడ పొగబెడితే ఎనిమిది ఇండ్లోళ్ళు నన్ను గుంజకు కట్టేస్తరు. పక్కింటోళ్ళు అగరొత్తికే లొల్లి చేస్తరు. గిది మీ ఊరనుకున్నవా?"

అంటూ మూలనున్న దోమతెర విప్పి నాలుగు మేకులకు కట్టాడు. అమూల్య దూరి లోపల కూర్చుంది. నన్ను రమ్మని పిలుస్తోంది. నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను.

వానాకాలం మా ఇంట్లో రోజూ తట్ట రగిలేది. వానాకాలం అమూల్యకు కూత. చలికాలం తలుపులన్నీ బిగించి పెట్టేవాణ్ణి. చలికాలం ఇంకా ఎక్కువ. ఎండాకాలం చెరువు తగ్గి దోమలు పోయేవి, తట్ట బయటికి తీసేవాణ్ణి కాదు. ఎండాకాలం పిల్ల కులాసాగా ఉండేది. అది ఎండ గుణం అనుకున్నాం. కూత ఎప్పుడూ తెల్లవారుజామునే వచ్చేది. సాయంత్రం పొగ మింగి, ఆ మూసిన గదిలోనే పడుకుంటే తెల్లారేసరికి ఏమవుతుంది?

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

నిజం చెప్పాలంటే ముందు నాకు పిరికి ఆలోచనే వచ్చింది. ఇంటికి వెళ్ళి చప్పుడు చెయ్యకుండా తట్ట చెరువులో పడేస్తే సరిపోతుంది గదా. ఎవరికీ తెలియదు. కానీ శోభారాణి చెరువు గాలి పడదనుకుంటోంది. తట్ట సంగతి చెప్పకపోతే ఆమె తిరిగి రాదు. చెప్తే, రెండేళ్ళు ఆమె మీద పడ్డ మాటలన్నీ నావి అవుతాయి. మెలకువగా పడుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎటు తిప్పినా ఒక్కటే దారి కనిపించింది.

పొద్దున ఆమె వాకిట్లో పైపు పెట్టి డ్రమ్ము నింపుతోంది.

"శోభా, నీతోని ఒక ముచ్చటుంది."

"తీస్కపోతనంటే వద్దు మామా. రూము గూడ చూసిండు ఆయన."

"తీస్కపోను. నేను చేసిందొకటి చెప్త, ఇను."

చెప్పాను. నేను మెల్లగా మాట్లాడే మనిషిని, ఆ రోజు మాట ఇంకా మెల్లగా వచ్చింది. ఆమె పైపు పట్టుకుని అలాగే నిలబడింది. డ్రమ్ము నిండి నీళ్ళు వాకిలంతా పారుతున్నాయి.

"ఓ శోభక్కా, నీళ్ళు పోతున్నయ్!" అని పక్కింటామె అరిచింది. ఆమె వినలేదు.

"గుడ్ల అట్టనా?"

"అదే అనుకుంటున్న. అవునో కాదో డాక్టరమ్మ చెప్పాలె."

"రెండేండ్లు, మామా. మా అమ్మ పెరుగన్నం కలిపి పెడితే కంచం పక్కకు నూకిన. నల్లకాడ నన్ను పిల్లకు రోగం దెచ్చినదాని లెక్క చూసిండ్రు. నువ్వు పక్కనే ఉన్నవ్."

"ఉన్న."

"ఒక్క మాట అనకపోతివి."

"అనలే బిడ్డా."

పైపు కింద పడేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, కోపంగానే తుడుచుకుంది.

"నువ్వు బీడీలు తాగి చేసుంటే తిట్టనన్న తిడుదును. పిల్లను దోమ కుట్టొద్దని చేస్తివి. ఇగ ఏమని తిట్టాలె నిన్ను?"

"ఎట్లొస్తే గట్ల తిట్టు."

"ముందు డాక్టర్ దగ్గరికి నడువు. తిట్లు ఎటూ పోవు."

మధ్యాహ్నానికల్లా మేడ్చల్‌లో ఉన్నాం. నేనే చెప్పాను, తట్టతో సహా అంతా. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"అయ్యో. నేనే అడగాల్సింది తాతగారూ. చక్రాల గురించి అడిగి ఊరుకున్నాను. ఇంకేమైనా కాలుస్తారా అని అడగలేదు."

"కాగితమే గదమ్మా. వేపాకు."

"కాగితమైనా, వేపాకైనా, సాంబ్రాణైనా ఊపిరితిత్తులకు తేడా తెలీదండీ. వాటికి అన్నీ పొగే. పుట్టిన మొదటి రెండు మూడేళ్ళూ లోపల గొట్టాలు ఇంకా తయారవుతూ ఉంటాయి. అప్పుడు రోజూ పొగ తగిలితే వాచిపోయి, చిన్న జలుబు చేసినా మూసుకుపోతాయి."

"అయితే నా మూలంగనే."

"అలా నేను అనను. ఈ పాప నెల ముందే పుట్టింది. రెండో నెలలో జలుబు చేసి ఛాతీకెక్కిందన్నారు. అవన్నీ ఉన్నాయి. పొగ వాటికి తోడైంది. మొదటి రెండూ మన చేతిలో లేవు. ఇది మన చేతిలో ఉంది, అంతే."

శోభారాణి కుర్చీ ముందుకు జరిపింది. "మేడం, నేను కడుపుతోని ఉన్నప్పుడు పుచ్చకాయ తిన్న. బాలింతగ సల్ల తాగిన."

"దానికీ దీనికీ ఏ సంబంధం లేదమ్మా. పాపకు పెరుగు కూడా శుభ్రంగా పెట్టండి."

"ఇంకోసారి చెప్పుండ్రి మేడం, గట్టిగ. మా మామకు ఇనవడాలె."

డాక్టరమ్మ నవ్వి, నిజంగానే గట్టిగా చెప్పింది. బయట కూర్చున్నవాళ్ళు కూడా తొంగిచూశారు.

"మరి తగ్గుతదా అమ్మా?" అని అడిగాను.

"చాలామంది పిల్లలకు బడికెళ్ళే వయసుకి తగ్గుముఖం పడుతుంది. ఈ పాపకు తప్పకుండా పోతుందని నేను రాసివ్వలేను. పొగ ఆపండి. పంపు రోజూ వాడండి, బాగుంది గదా అని మానెయ్యకండి. అది అలవాటై పట్టుకునే మందు కాదు. జలుబు చేస్తే కాస్త కూత రావచ్చు, భయపడొద్దు. అప్పటికని ఇంకో పంపు ఇస్తున్నాను, అది ఇచ్చి కాస్త ఆగి మళ్ళీ ఇవ్వండి. పరిగెత్తనివ్వండి, ఆడనివ్వండి."

బస్టాండు దగ్గర శోభారాణి ఆగింది.

"పది రోజులు వస్త మామా. ఒక్క దినం కూత ఇనవడ్డా మళ్ళ సూరారమే. రూము ఇడిచిపెట్టొద్దని ఆయనకు చెప్త. అత్తకు మాత్రం నువ్వే చెప్పాలె. నేను నోరు తెరువ."

ఇంటికి వచ్చి చెప్పాను. సాయవ్వ లేచి, పిల్లకు స్నానమయ్యాక సాంబ్రాణి వేసే మట్టి మూకుడు తీసి అటక మీదికి తోసేసింది.

మర్నాడు నల్లా దగ్గర ఆమె గొంతు ఇంటిదాకా వినిపించింది.

"ఇన్నరా? మా కోడలు తిన్నదానికి కాదంట! డాక్టరమ్మ సాఫ్ సీదా చెప్పింది. అంత మా ముసలోని పనంట. గుడ్ల అట్టలు కాలవెట్టి కాలవెట్టి పిల్ల పానం తీసిండు. ఓ లచ్చుమీ, మీ ఇంట్ల గూడ బాలింత ఉన్నది గదనే, మా ముసలోన్ని చూసి పొగబెడ్తున్నరా ఏంది? బంద్ చెయ్యిండ్రి!"

శోభారాణి బిందె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. తల దించుకోలేదు. సాయవ్వ క్షమించు అనే మనిషి కాదు. ఎంతమంది ముందు నింద వేసిందో అంతమంది ముందు తీసేసింది. నాకు మాత్రం నాలుగు రోజులు వాడలో తల ఎత్తే వీలు లేకపోయింది. "ఎంకయ్య మామా, దోమలన్ని మా ఇంటికి పంపినవా?" అని ఒకడు. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ అట్టలు అంటించే ఇళ్ళకు ఒక్కొక్కదానికీ వెళ్ళి కూర్చుని చెప్పి వచ్చాను. ముగ్గురు విన్నారు. ఇద్దరు ఇంకా వినలేదు, మళ్ళీ వెళ్తాను.

దోమతెర కొని తెచ్చాను. కిటికీలకు జాలీ కొట్టించాను. మొదటిరోజు తెర కడుతుంటే ఒక మూల జారి నా నెత్తిన పడింది. "ఇన్నేండ్లు వల వేసిన మనిషివి, గీ బట్ట కట్టరాదా నీకు?" అంది సాయవ్వ. అమూల్య తెరలో చిక్కుకుని కిలకిలా నవ్వింది. పంపు మాత్రం శోభారాణే పీల్పించేది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మాస్కు మూసి పది లెక్కపెట్టాలి. అమూల్యకు ఏడు తర్వాత అంకెలు రావు, అందుకని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

ఆరో రోజు ముక్కు కారడం మొదలైంది. ఇంట్లో ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఏడో రోజు తెల్లవారుతుండగా, నా ఛాతీ మీద పడుకున్న పిల్ల దగ్గరనుంచి సన్నగా, దూరాన ఎవరో ఈల వేసినట్టు, కూత వచ్చింది.

నోరు మూసుకుంటే ఏమవుతుందో రెండేళ్ళు చూశాను గదా. శోభారాణిని లేపాను.

"బిడ్డా, ఇనవడ్తాంది."

ఆమె లేచి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రెండో పంపు తీసి గొట్టానికి పెట్టింది. డాక్టరమ్మ చెప్పినట్టే ఇచ్చింది, కాస్త ఆగి మళ్ళీ ఇచ్చింది. పక్కటెముకలు లోపలికి పోతున్నాయా అని చొక్కా ఎత్తి చూసింది. పోవడం లేదు. పెదవులు చూసింది. ఎర్రగానే ఉన్నాయి. నేను సంచిలో ఆస్పత్రి కాగితాలు సర్దుతున్నాను. సాయవ్వ ఆటోవాడిని పిలవడానికి చెప్పులు వేసుకుంది.

"ఆగుండ్రి జర" అంది శోభారాణి. "పరేషాన్ గాకుండ్రి."

ఆగాం. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి పిల్ల పాలు అడిగింది. తాగి, పక్కింటి కోడిపిల్లల వెనక పడింది. ముక్కు కారుతూనే ఉంది. కూత లేదు. అంతకుముందు ఇలాంటి జలుబే వస్తే సాయంత్రానికి మేం మేడ్చల్‌లో ఉండేవాళ్ళం.

మహేందర్ ట్రాలీలో గుడ్లు సర్దుకుని తాళ్ళు బిగిస్తున్నాడు. పొద్దున కూత వాడూ విన్నాడు. శోభారాణి మాస్కు కడిగి తుడుస్తూ వాకిట్లోకి వచ్చింది.

"ఇగో, ఆ రూమోనికి ఫోన్ చెయ్యి. వేరేటోళ్ళకు ఇచ్చుకోమను."

వాడి చెయ్యి తాడు మీదే ఆగిపోయింది. "కూత ఇనవడ్డది గదా?"

"ఇనవడ్డది. తగ్గింది గూడ. జలుబు సూరారంల రాదా ఏంది? ఎట్ల తగ్గియ్యాల్నో ఇప్పుడు ఎరుకైంది. మామ సంగతంటవా, ఆయనకు తిట్లు ఇంక బాకున్నయ్, గాడ కూసుంటే ఎట్ల తిట్టాలె?"

నేను గడప మీద కూర్చుని ఉన్నాను, చేతిలో ఇంకా ఆ కాగితాల సంచి ఉంది. మహేందర్ నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె మనసు మారకముందే జేబులోంచి ఫోన్ తీశాడు.